బతికి బట్టకట్టినవాళ్ళు

పద్నాలుగో ప్రశ్న కింద గీత ఒక్కటే ఉంది. పైన ఇలా అచ్చు వేశారు: "అభ్యర్థి పుట్టినప్పుడు గాని, బాల్యంలో గాని ఎదుర్కొన్న ఆరోగ్య సమస్యల వివరాలు. మైనరు అయినచో తల్లి లేదా తండ్రి స్వహస్తాలతో రాసి సంతకం చేయవలెను."

"ఏమీ లేవు అని రాసెయ్యమ్మా," అంది నా చిన్న కూతురు. "రెండు ముక్కలు. మిషన్లో బాబిన్ మార్చేంత సేపు కూడా పట్టదు."

నేను కత్తిరింపు బల్ల దగ్గర ఉన్నాను. బడులు తెరిచే ముందు మా కొట్టులో తల గోక్కోవడానికి కూడా తీరిక ఉండదు. ఆ వారంలో నలభై జతల యూనిఫారాలు ఇవ్వాలి. నీలం గుడ్డ మీద, సుద్దగీతల మధ్య అది తన ఫారం తెచ్చి పరిచింది. ఫైరింజన్ వాళ్ళ ఫారం అది, మంటలార్పే ఉద్యోగానికి శిక్షణ. రాత పరీక్ష నెగ్గింది, పరుగు నెగ్గింది, తాడు పట్టుకుని మూడంతస్తులు ఎక్కి దిగింది. ఇక మిగిలింది మర్నాడు ఉదయం డాక్టరు పరీక్ష ఒక్కటే. పద్దెనిమిది నిండడానికి దానికింకా మూడు వారాలుంది కాబట్టి పెద్దవాళ్ళ సంతకం లేకుండా లోపలికి రానివ్వరు. వాళ్ళ నాన్న దూరపు బస్సు తోలుతూ ఎల్లుండి గాని ఇల్లు చేరడు. అంటే పగ్గాలు నా చేతిలో ఉన్నాయన్నమాట. ఆ సంగతి నాకు తెలుసు, దానికీ తెలుసు.

"రాస్తే నిజమే రాస్తాను," అన్నాను.

"నిజం రాస్తే వాళ్ళు నన్ను వెనక్కి పంపిస్తారు."

"పంపిస్తే ఇంటికి రా. తలుపు తీసే ఉంటుంది."

దాని మొహం వాడిపోయింది. నాకు జాలి వేయలేదు. పదిహేను రోజులుగా ఇంట్లో ఇదే రభస. పొగలోకి, మంటలోకి వెళ్ళే ఉద్యోగం! ఊరందరికీ నిక్షేపంలాంటి ఊపిరితిత్తులు ఉన్నాయి, వాళ్ళెవరైనా వెళ్ళొచ్చు. దీనివి ఎలాంటివో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అవి పైకీ కిందికీ కొట్టుకుంటుంటే గాజు పెట్టె అవతల నిలబడి చూసినదాన్ని నేను.

మిషను మీదున్న పెద్ద కూతురు తల ఎత్తకుండానే, "పోనీలే అమ్మా, రాసెయ్," అంది.

"నీ కాజాలు నువ్వు చూసుకో," అన్నాను.

నా నోరు మంచిది కాదని మావాళ్ళందరూ అంటారు. నిజమే. అయితే అది పుట్టుకతో వచ్చింది కాదు. ఎప్పుడు పాడైందో తేదీతో సహా చెప్పగలను.

అప్పుడు కూడా బడులు తెరిచే రోజులే. నాకు ఏడో నెల నడుస్తోంది. కవలలని తెలుసు. మిషను మీద ఒక పాప గౌను అంచు కుడుతున్నాను. సగం అంచు అయ్యేసరికి లోపల ఏదో తెగినట్టయింది, కుర్చీ తడిసిపోయింది. నేను ఆ అంచు పూర్తి చేసి లేచాను. అవును, పూర్తి చేసే లేచాను. మధ్యలో ఆపితే కుట్టు వంకరపోతుంది, మళ్ళీ అతికితే కనిపిస్తుంది. చేతికి పట్టిన అలవాటు అది. మహా అయితే అరనిమిషం పట్టి ఉంటుంది. ఆ అరనిమిషాన్ని మా బంధువులు పదిహేడేళ్ళు సాగదీశారు. "మిషను తొక్కుతూ కూర్చుంది, అందుకే ఇలా అయింది," అని ఒకరు. "పనిపిచ్చి పిల్లల ప్రాణం మీదికి తెచ్చింది," అని ఇంకొకరు. నేను డాక్టరమ్మని నిలదీసి అడిగాను. "నువ్వు కూర్చున్నా, పడుకున్నా, తలకిందులుగా నిలబడ్డా ఆ ఉమ్మనీరు ఆ రోజు పోయేదేనమ్మా," అందావిడ. ఆ మాట అందరికీ చెప్పాను. ఎవరూ చెవిన పెట్టలేదు. తల్లిని తప్పుపట్టే అవకాశం దొరికితే అంత తేలిగ్గా ఎవరు వదులుకుంటారు?

పెద్దది తలకి బదులు కాళ్ళు ముందుపెట్టి వచ్చింది. రెండోది లోపల అడ్డం తిరిగి, నేను రానంటే రానని కూర్చుంది. దాని మొండితనం అప్పుడే తెలిసి ఉండాల్సింది నాకు. చివరికి కోసి తీశారు. నాకు రక్తం ఆగలేదు. ఆ గదిలో ఇనప సామాన్ల చప్పుడు వినిపించింది, ఎవరో ఎవరినో కసురుకోవడం వినిపించింది. పిల్లల ఏడుపు మాత్రం వినిపించలేదు.

"ఎందుకు ఏడవట్లేదు వాళ్ళు?" అని అడిగాను.

"వాళ్ళకింకా ఊపిరి తీసుకోవడం రాదమ్మా," అంది ఒక గొంతు.

ఈత రాదు, చదువు రాదు అన్నట్టు చెప్పింది. రాదంటే నేర్చుకోవచ్చు కదా అనుకున్నాను. ఆ ఒక్క ఆలోచన పట్టుకునే స్పృహ తప్పాను.

పెద్దది వెయ్యీ నూట పది గ్రాములు. చిన్నది ఏడువందల ఎనభై. మూడో రోజు నన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి చూపించారు. పిల్లల్ని ఉంచిన గాజు పెట్టెల మీద అంటించిన చీటీల్లో రెంటి మీదా నా పేరే ఉంది, కింద ఒకటి, రెండు అని అంకెలు. ఆ వార్డు పెద్ద సిస్టరుకి అంకెలంటే గిట్టదు. "ఖైదీలా వీళ్ళు, నంబర్లు పెట్టి పిలవడానికి?" అనేది. నా పిల్లల్ని చూసీ చూడగానే ఒకదాన్ని దోసెడు అంది, రెండోదాన్ని పిడికెడు అంది. నిజంగా అంతే ఉన్నారు. దోసెడు రెండు చేతుల్లో సరిపోయేది. పిడికెడుకి ఒక చెయ్యే ఎక్కువ. ఆ పేర్లు వాళ్ళని ఇప్పటికీ వదల్లేదు.

మా అత్తయ్య నా వెనకే నిలబడి చూసింది. ఆవిడ మాట మొదలుపెట్టే ముందు కొంగుతో మూతి తుడుచుకుంటుంది. తుడుచుకుని అంది: "ముందు బతికి బట్టకట్టనీయండమ్మా. ముద్దుపేర్లు తర్వాత పెట్టుకోవచ్చు."

ఆ మాట నేను పుట్టిన దగ్గర్నుంచి వింటున్నదే. ఎవరికి పెద్ద జబ్బు చేసినా, ఎక్కడ ప్రమాదం జరిగినా అందరూ అనే మాటే. ఎవరూ అర్థం ఆలోచించి అనరు. ఆ రోజు మాత్రం అది నా చెవిలో రెండు ముక్కలుగా పడింది. బతకడం, బట్టకట్టడం. మొదటిది నా చేతిలో లేదు, డాక్టరు చేతిలోనూ పూర్తిగా ఉన్నట్టు కనిపించలేదు. రెండోది నా చేతిలో పనే. నేను టైలర్ని.

"ఏమండీ," అన్నాను మా ఆయనతో. "కొట్టుకెళ్ళి తెల్ల లైనింగు గుడ్డ తీసుకురండి, మెత్తటిది. సన్న సూది, టేపు, చిన్న కత్తెర కూడా."

ఆయన నన్ను చూసి, నాకు మతి చలించిందేమోనన్నట్టు వాళ్ళమ్మని చూశాడు. ఆవిడ చెంపలు వేసుకుంది. "బతుకుతారో లేదో తెలీని పిల్లలకి బట్టలు కుడతావా? ఎవరన్నా వింటే నవ్విపోతారు."

"నవ్వనీయండి అత్తయ్యా. ఏడ్చేవాళ్ళు చాలామందే ఉన్నారిక్కడ."

పెద్ద సిస్టరు కూడా మొదట ఒప్పుకోలేదు. "వేడి పెట్టె ఇస్తుంది, వీళ్ళకి బట్టలెందుకమ్మాయ్? ఛాతీ మీద మూడు వైర్లు, పొట్టలోకి గొట్టం, పాదానికి ఇంకో వైరు. చొక్కా తొడిగేటప్పుడు ఏ ఒక్కటి ఊడినా నా ఉద్యోగం ఊడుతుంది," అంది.

"తలమీంచి తొడగక్కర్లేదు. పక్కన తెరిచి ఉంచుతాను, ముడులు పెడతాను. వైర్లు ఎక్కడెక్కడ వస్తాయో చూపించండి, అక్కడ దారి వదులుతాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, జేబులోంచి పెన్ను తీసి తన అరచేతి మీదే బొమ్మ గీసి చూపించింది. నేను గాజు ఇవతల టేపు పెట్టి కొలతలు తీసుకున్నాను. భుజం నుంచి భుజానికి నా చూపుడువేలు పొడవు కూడా లేదు. వార్డు బయట బెంచీ మీద కూర్చుని, కుట్లు సలుపుతుంటే పొట్టకి దిండు అడ్డం పెట్టుకుని, చేతికుట్టుతో రెండు చొక్కాలు కుట్టాను. సిస్టరు వాటిని నీళ్ళలో మరిగించి ఆరబెట్టి తొడిగింది. ఒక్క వైరూ ఊడలేదు.

అత్తయ్య ఒక చొక్కా తిరగేసి చూసింది. లోపలి వైపు కుట్టు పక్కన బొటనవేలంత గుడ్డ మడిచి వదిలేసి ఉంది. "ఇంత మడత ఎందుకే?"

"విప్పి పెద్దది చేయడానికి. పెరుగుతారు కదా."

రెండు రోజుల్లో ఆ వార్డులో మిగిలిన తల్లులు కూడా నా దగ్గరికి వచ్చి కొలతలు చెప్పడం మొదలుపెట్టారు. పిల్లలు ఎలా ఉన్నారని ఒకళ్ళనొకళ్ళు అడగడానికి భయపడేవాళ్ళం. చొక్కా సరిపోయిందా అని మాత్రం అడిగేవాళ్ళం.

నెలలు నిండని పిల్లలు ఊపిరి తీయడం మధ్యమధ్యలో మరిచిపోతారు. హాయిగా నిద్రపోతూనే మరిచిపోతారు. అప్పుడు మిషను గీపెడుతుంది. పెద్ద సిస్టరు నాకు చెయ్యి లోపలికి పోనిచ్చి అరికాలు మీద వేలితో చిటికె వేయడం నేర్పింది. చిటికె పడగానే ఉలిక్కిపడి మళ్ళీ ఊపిరి తీసేవాళ్ళు. దోసెడు రోజుకి నాలుగైదుసార్లు మరిచిపోయేది. పిడికెడుకైతే మతిమరుపు మరీ ఎక్కువ. "ఏమే, మళ్ళీ మరిచావా? ఎన్నిసార్లు చెప్పాలే నీకు!" అని పెట్టెలోకి తిట్టేదాన్ని. పక్క తల్లులు మొదట బిత్తరపోయారు. తర్వాత వాళ్ళూ తిట్టడం నేర్చుకున్నారు.

పంతొమ్మిదో రోజున పిడికెడు ఊపిరితిత్తులకి చీము పట్టింది. ఒళ్ళు బూడిద రంగుకి తిరిగింది. కుర్ర డాక్టరు వచ్చి మమ్మల్ని పక్కకి పిలిచి, "ఆశ మరీ ఎక్కువ పెట్టుకోకండి," అన్నాడు. అతని కళ్ళలో నిద్ర లేదు. అతని మీద నాకు కోపం లేదు. కోపమంతా ఆ తర్వాత జరిగిన దాని మీదే.

నాకు పాలు సరిగా పడేవి కావు. పిండితే రెండు సిరంజిలు నిండడం గగనం. ఆ రోజు నేను పిండి తెచ్చిన గిన్నె చూసి అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది. గొంతు తగ్గించి, ఎంతో మంచిగా చెప్పింది. అదే నాకు మింగుడుపడలేదు.

"పెద్దదానికి పట్టెయ్యవే మొత్తం. చిన్నదానికి పోసి ఏం లాభం? ఒక్కదాన్నన్నా దక్కించుకో."

"అత్తయ్యా, చెయ్యి తియ్యండి."

"నీ మంచికే చెప్తున్నా. నేనూ అలాగే చేశాను. నీ మొగుణ్ణి అలాగే దక్కించుకున్నాను."

మా ఆయన అక్కడే ఉన్నాడు. తను కవలల్లో ఒకడని ముప్ఫై ఏళ్ళు వచ్చినా ఆయనకి ఎవరూ చెప్పలేదు, అప్పుడే వింటున్నాడు. గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

"రెండో బాబు పేరేంటి అత్తయ్యా?" అని అడిగాను.

ఆవిడ కొంగు మూతి దాకా వెళ్ళి ఆగింది. "పేరు పెట్టలేదు. బతికి బట్టకట్టాక పెడదామనుకున్నాం."

నేను ఆ గిన్నెలో పాలు రెండు సిరంజిల్లోకి తీశాను. కంటి ఎత్తుకి పట్టుకుని, చుక్క కూడా తేడా రాకుండా సమంగా తీశాను. ముందు పిడికెడుకే పట్టమని సిస్టరు చేతికిచ్చాను. మా ఆయన వైపు తిరిగి, "మీరు ఎందరికి నాన్నో తేల్చుకుని రండి," అన్నాను. అంత మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత చాలామంది అన్నారు. నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

ఆయన వెళ్ళిపోయాడు. సాయంత్రానికి వచ్చాడు. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, రెండు పెట్టెల మధ్య నిలబడి, ఒక కిటికీలోకి ఒక చెయ్యి, ఇంకో కిటికీలోకి ఇంకో చెయ్యి పెట్టాడు. గంటన్నర అలాగే ఉన్నాడు. తర్వాత ఆయన వాళ్ళమ్మతో పోట్లాడనూ లేదు, నాతో ఆ సంగతి ఎత్తనూ లేదు. రోజూ డ్యూటీ దిగగానే వచ్చి అలా నిలబడేవాడు.

పిడికెడు తొమ్మిది రోజులు అటూ ఇటూ ఊగి ఇటే ఉండిపోయింది. ఎందుకుండిపోయిందో డాక్టరుకీ తెలీదు. "అదృష్టం," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తొమ్మిది రోజులు ఆ పిల్ల చేసిన చాకిరీకి అదృష్టమని పేరు పెడతాడా?

డెబ్భై నాలుగో రోజున ఇద్దర్నీ ఇంటికి తెచ్చాను. ఆ తర్వాతి మూడేళ్ళలో నేను సంపాదించుకున్న చెడ్డపేరు అంతా ఇంతా కాదు. చేతులు కడుక్కోనివాళ్ళని గడప దాటనివ్వలేదు. దగ్గుతూ వచ్చిన మా ఆడపడుచుని మెట్ల మీద నుంచే సాగనంపాను. గయ్యాళి అన్నారు, పొగరన్నారు, పిల్లల్ని గుడ్డలో చుట్టి దాచుకుంటోందన్నారు. దోసెడు తొందరగానే తేరుకుంది. పిడికెడు ప్రతి చలికాలం నన్ను ఆస్పత్రికి ఈడ్చింది. దాని వీపు మీద చెవి పెట్టి వింటే లోపల పిల్లి గురకలా వినిపించేది. ఏ మందు ఎన్ని చుక్కలో, ఆవిరి ఎంతసేపో ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలను. అత్తయ్య చివరి రోజుల దాకా పిడికెడునే తన పక్కలో పడుకోబెట్టుకుంది.

బళ్ళో వేసిన దగ్గర్నుంచి ఏటా ఒక ఉత్తరం రాసి దాని చేతికిచ్చేదాన్ని. "మా అమ్మాయి ఊపిరితిత్తులు బలహీనమైనవి. పరుగులు పెట్టించకండి. ఆటల పీరియడులో నీడన కూర్చోబెట్టండి." ఎనిమిదో తరగతిలో ఉండగా ఆటల మాస్టారు ప్యాంటు సైజు తగ్గించుకోవడానికి మా కొట్టుకొచ్చాడు. "మీ చిన్నమ్మాయి ఎనిమిది వందల మీటర్లలో బడి మొత్తానికీ మొదటొచ్చిందమ్మా," అన్నాడు. నా చేతిలోని గుండుసూదులు కింద పోశాను.

"నా ఉత్తరాలు అందలేదా మీకు?"

"ఏ ఉత్తరాలు?"

ఒక్కటి కూడా ఇవ్వలేదట. ఎనిమిదేళ్ళ ఉత్తరాలు. ఆ సాయంత్రం దాని చెవి మెలిపెట్టి అడిగితే, "నీడన కూర్చుంటే చలేస్తుందమ్మా," అంది. కొట్టాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. మర్నాటి నుంచి మళ్ళీ ఉత్తరాలు రాశాను, ఈసారి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ ఏడంతా నీడనే కూర్చుంది. మిగతావాళ్ళు పరిగెడుతుంటే చూస్తూ కూర్చుందంతే.

ఇదంతా నా బుర్రలో తిరుగుతుండగా అది బల్ల అవతలే నిలబడి ఉంది.

"అమ్మా, రాస్తావా రాయవా?"

"రాస్తానన్నానుగా. ఉన్నదున్నట్టు రాస్తాను. తర్వాత వాళ్ళ ఇష్టం."

"వాళ్ళ ఇష్టం కాదు. నీ ఇష్టం. వాళ్ళు వద్దంటే బాగుండునని నీకుంది. నువ్వు వద్దన్నట్టు ఉండకూడదు, నేను వెళ్ళకూడదు, అంతే కదా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. కత్తెర బల్ల మీద గట్టిగా పెట్టాను. "అవునే! నీకోసం నేను పడ్డ పాట్లు నీకు తెలుసా? ఆ రోజు మీ నానమ్మ పాలన్నీ మీ అక్కకి పట్టెయ్యమంటే..."

"తెలుసు. వందసార్లు చెప్పావు." దాని గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే నాకు సులువుగా ఉండేది. "నానమ్మ నాకు పాలు దండగంది. నువ్వు నాకు పరుగు దండగంటున్నావు, నిప్పు దండగంటున్నావు. ఆవిడ ఒక్కరోజే అంది కదమ్మా. నువ్వు రోజూ అంటున్నావు."

మిషను ఆగిపోయింది. పెద్దది నా వంక భయంగా చూసింది. చెంప పగలగొడతాననుకుని ఉంటుంది. నాకూ చెయ్యి లేచింది. లేచిన చెయ్యి ఏం చేయాలో తెలియక నీలం గుడ్డ సర్దింది.

"ఇద్దరూ ఇంటికి పొండి," అన్నాను.

వాళ్ళు వెళ్ళాక ఆ ఫారం నా ముందుకి లాక్కున్నాను. నాకు చాలా కోపం వచ్చింది. ఇంత పెంచితే, ఇంత మాటా? నన్ను తీసుకెళ్ళి ఎవరి పక్కన నిలబెట్టింది! అత్తయ్య ఆ రోజు నా మోచెయ్యి ఎంత మెత్తగా పట్టుకుందో గుర్తొచ్చింది. నా మంచికే చెబుతున్నానంది. నేను రాసిన ప్రతి ఉత్తరంలోనూ మంచే ఉంది. ఆవిడ ఒక పిల్లాణ్ణి పోగొట్టుకుని, భయంతో ఇంకొకణ్ణి కాపాడుకుంది. నేనెవర్నీ పోగొట్టుకోలేదు. మరి పదిహేడేళ్ళుగా ఈ భయం దేనికి? దేనికంటే, ఉంది. అది తర్కం చెబితే పోయేది కాదు. కానీ అది నాది. దాన్ని పిల్ల వీపున వేసి మొయ్యమనడం నాకు ఎవరు నేర్పారు?

పెన్ను తీసుకున్నాను. గీత మీద మొదలుపెట్టాను. గీత నిండింది, అంచుల్లో రాశాను, అంచులు నిండితే కాయితం తిప్పి వెనక రాశాను. ఒక్క అబద్ధం కూడా రాయలేదు. ఏమీ లేవని రాస్తే ఆ తొమ్మిది రోజులూ జరగనట్టే కదా, దానికి మాత్రం నా చెయ్యి రాదు. రాసి, సంతకం పెట్టి, కవరులో పెట్టి జిగురు అంటించాను. పొద్దున్నే దాని చేతికిచ్చి, "నేనూ వస్తాను, పద," అన్నాను. అది కవరు వైపూ నా వైపూ చూసి, ఇక అంతా అయిపోయిందన్నట్టు చెప్పులేసుకుంది.

ఫైర్ స్టేషన్ వెనక పొడుగాటి గది. గోడకి వరసగా కుర్చీలు. డాక్టరు యాభై దాటిన మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉన్నాడు. కవరు చింపి చదివాడు. తిప్పి వెనక కూడా చదివాడు. మళ్ళీ ముందుకి తిప్పాడు.

"ఇరవై ఎనిమిది వారాలకే పుట్టిందా?"

"అవునండీ."

"ఏడువందల ఎనభై గ్రాములు. ఊపిరితిత్తులకి చీము. మూడేళ్ళదాకా ఆవిరి మిషను." ఆయన పైకి చూశాడు. "ఏమ్మా, ఇవన్నీ రాసేవాళ్ళు ఎవరూ ఉండరు తెలుసా? అందరూ లేవనే రాస్తారు."

"ఉన్నవి లేవని ఎలా రాస్తానండీ? అవన్నీ అది దాటొచ్చినవి."

నా కూతురు నేల చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి. డాక్టరు కళ్ళజోడు దించుకుని చివరి వాక్యాలు పైకి చదివాడు. ఆయన నెమ్మదిగానే చదివాడు గాని ఆ గదిలో అందరికీ వినిపించింది.

"పై సమస్యలన్నీ ఆమె తట్టుకున్నది. వీటితోపాటు పదిహేడేళ్ళుగా తల్లి భయం కూడా ఉన్నది. ఆటల పీరియడులో నీడన కూర్చోబెట్టించినది తల్లే. ఆమె ఎదుర్కొన్న సమస్యల్లో దాన్ని కూడా చేర్చగలరు. అది ఇంకా నయం కాలేదు. అది తల్లికి మాత్రమే ఉన్నది, అభ్యర్థికి లేదు."

పిడికెడు తల ఎత్తి నన్ను చూసింది. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. ఇప్పుడు దాన్ని చూస్తే నా పరువు నిలబడదని తెలుసు.

"ఈ ఫారంలో దీనికి గడి లేదమ్మా," అన్నాడు డాక్టరు.

"అందుకే వెనక రాశానండీ. కాయితం చూసి వెనక్కి పంపించకండి దాన్ని. పిల్లని పరీక్ష చెయ్యండి. సరిపోకపోతే సరిపోలేదని చెప్పండి, తీసుకెళ్తాను. పుట్టినప్పుడు ఎంతుందని మాత్రం ఇప్పుడు తూచకండి."

ఆయన నవ్వలేదు. లేచి లోపలి గది తలుపు తీశాడు. "ఊపిరి పరీక్ష ఇక్కడ. మైనరు కాబట్టి తల్లి కూడా లోపలికి రావచ్చు."

నేను కుర్చీలోంచి సగం లేచాను. మోకాళ్ళు వాటంతటవే లేచాయి. వాటిని మళ్ళీ కూర్చోబెట్టాను.

"అది ఒక్కతే వస్తుందండీ," అన్నాను.

తలుపు పడింది. గొట్టం అమరుస్తున్న చప్పుడు, డాక్టరు గొంతు. నిండా పీల్చుకో. ఇంకా. ఇప్పుడు ఊదు. ఆగకుండా ఊదు. పక్క కుర్చీలో ఎవరో నన్ను టైము అడిగారు, నేను చెప్పలేదు. లోపల్నుంచి బుసలాంటి శబ్దం మొదలైంది, సన్నగా, ఒకే తీరుగా. ఊదు, ఊదు, ఊదు, అంటున్నాడాయన. తర్వాత ఆయన గొంతు మారింది.

"ముల్లు గీత దాటేసింది. చాలమ్మా. చాలు, ఆపు."

అది ఆపలేదు.